ఎక్స్ఛేంజ్ విద్యార్థులను విదేశీ విశ్వవిద్యాలయానికి సిద్ధం చేయడం: ఎంపిక నుంచి క్రెడిట్ల నమోదు దాకా

ఒక సెమిస్టర్ కోసమో, ఒక విద్యా సంవత్సరం కోసమో విదేశీ విశ్వవిద్యాలయానికి వెళ్లి, తిరిగి వచ్చి సొంత విశ్వవిద్యాలయంలోనే డిగ్రీ పూర్తి చేసేవారు ఎక్స్ఛేంజ్ విద్యార్థులు. పూర్తి డిగ్రీ కోసం వెళ్లేవారికీ వీరికీ పైకి కనిపించే తేడా తక్కువే. పాస్‌పోర్టు, వీసా, గది, బీమా అందరికీ కావలసినవే. అసలు తేడా చదువు లెక్క ఎక్కడ తేలుతుందన్న దగ్గర వస్తుంది. డిగ్రీ విద్యార్థి చదివినది చదివిన చోటే పట్టాగా మారుతుంది. ఎక్స్ఛేంజ్ విద్యార్థి చదివినది మాత్రం మరో దేశంలోని రికార్డుల్లోకి, మరో మార్కుల పద్ధతిలోకి, మరో పాఠ్యప్రణాళికలోకి ఎక్కవలసి ఉంటుంది. అలా ఎక్కకపోతే, విదేశంలో ఎంత బాగా చదివినా, ఆ సబ్జెక్టులను తిరిగి వచ్చాక మళ్లీ చదవక తప్పదు.

చాలా విభాగాల్లో సన్నాహమంతా వీసా చుట్టూ, ప్రయాణం చుట్టూ తిరుగుతుంది. వీసా పనికి గడువులు, ఫారాలు, అడిగే అధికారులు ఉంటారు కాబట్టి ఎవరూ గుర్తు చేయకపోయినా అది ఎలాగో జరిగిపోతుంది. చదువుకు సంబంధించిన సన్నాహాన్ని అడిగే నాథుడు ఉండడు. అందువల్ల ఈ మార్గదర్శిలో పనుల వరుసను తిరుగు ప్రయాణం తర్వాత రావలసిన ట్రాన్స్‌క్రిప్ట్ (అక్కడ చదివిన సబ్జెక్టులు, మార్కుల అధికారిక పత్రం) నుంచి వెనక్కి లెక్కపెట్టి కూర్చడం జరిగింది. ఇది ముఖ్యంగా విద్యార్థులను పంపే విశ్వవిద్యాలయంలోని కోఆర్డినేటర్లకు, విభాగాల్లోని సలహాదారులైన అధ్యాపకులకు ఉద్దేశించినది. వెళ్లబోయే విద్యార్థులు చదివినా ఏ పని ఎందుకు చేయిస్తున్నారో తెలుస్తుంది.

మొదటి మెట్టు: రెండు క్యాలెండర్లను పక్కపక్కన పెట్టడం

బయలుదేరడానికి దాదాపు ఏడాది ముందే ఈ పని మొదలు కావాలి. విద్యా సంవత్సరం అన్ని దేశాల్లో ఒకేసారి మొదలవదు. జపాన్‌లో అది ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఆస్ట్రేలియాలో మొదటి సెమిస్టర్ ఫిబ్రవరి చివర గానీ మార్చిలో గానీ, రెండోది జులై ప్రాంతంలో ప్రారంభమవుతుంది. అమెరికాలో శరదృతువు సెమిస్టర్ సాధారణంగా ఆగస్టు చివర మొదలై డిసెంబరులో ముగుస్తుంది. జర్మనీలోని చాలా విశ్వవిద్యాలయాల్లో శీతకాల సెమిస్టర్ అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు లెక్క; తరగతులు ఫిబ్రవరిలో ముగిసినా పరీక్షలు, సమర్పించవలసిన వ్యాసాలు ఆ తర్వాత కూడా ఉండవచ్చు. సొంత విశ్వవిద్యాలయంలో తర్వాతి సెమిస్టర్ జనవరిలోనే మొదలయ్యే విద్యార్థికి ఇది పెద్ద చిక్కు: అక్కడ పరీక్షలు రాస్తూ ఉంటే ఇక్కడ హాజరు పోతుంది, ఇక్కడికి వచ్చేస్తే అక్కడ రాసినదంతా వృథా అవుతుంది.

కాబట్టి విద్యార్థిని చేర్చుకునే ఆతిథ్య విశ్వవిద్యాలయపు తేదీలను చూసేటప్పుడు తరగతులు ఎప్పుడు మొదలవుతాయి, ఎప్పుడు ముగుస్తాయి అన్న దానితో ఆగకూడదు. పరిచయ వారం ఎప్పుడు, చివరి పరీక్ష ఎప్పుడు, తప్పితే మళ్లీ రాసే పరీక్ష ఎప్పుడు, ట్రాన్స్‌క్రిప్ట్ ఎప్పటికి వస్తుంది అన్న నాలుగు తేదీలనూ రాయించాలి. రెండు సెమిస్టర్లు ఒకదానిపై ఒకటి పడుతుంటే, పరీక్షను ముందుగా పెట్టే వీలుందా, లేదా దూరం నుంచి రాయనిస్తారా అని అప్పుడే లిఖితపూర్వకంగా అడగాలి. వెళ్లిన తర్వాత అడిగితే వచ్చే జవాబు సాధారణంగా కుదరదనే.

చివరి సంవత్సరపు చివరి సెమిస్టర్‌లో విద్యార్థిని పంపడానికి నేను సుముఖుణ్ణి కాను. ట్రాన్స్‌క్రిప్ట్ కొద్దిగా ఆలస్యమైనా పట్టా ఆగిపోతుంది, పట్టా ఆగితే ఉద్యోగమో పైచదువో ఆగుతుంది. మధ్య సంవత్సరాలలో వెళ్లినవారికి పొరపాట్లను సరిదిద్దుకునే సమయం మిగులుతుంది.

రెండో మెట్టు: సబ్జెక్టుల ఎంపిక, లెర్నింగ్ అగ్రిమెంట్

మొత్తం సన్నాహంలో ఎక్కువ ఓపిక కావలసింది ఇక్కడే. 1987లో మొదలైన యూరప్ విద్యార్థుల ఎక్స్ఛేంజ్ కార్యక్రమమైన ఎరాస్మస్‌లో లెర్నింగ్ అగ్రిమెంట్ అనే పత్రంపై విద్యార్థి, పంపే విశ్వవిద్యాలయం, చేర్చుకునే విశ్వవిద్యాలయం మూడూ సంతకం చేస్తాయి. విద్యార్థి అక్కడ ఏయే సబ్జెక్టులు చదువుతారో, వాటికి బదులు ఇక్కడ ఏయే సబ్జెక్టులు పూర్తయినట్లు లెక్కిస్తారో అందులో ముందే రాసి ఉంటుంది. ఆ కార్యక్రమంతో సంబంధం లేని విశ్వవిద్యాలయాలు కూడా ఇలాంటి పత్రాన్ని తయారు చేసుకోవడం మంచిది. నోటిమాటగా ఇచ్చిన హామీ, ఇచ్చిన అధ్యాపకుడు బదిలీ అయిన రోజుతో చెల్లిపోతుంది.

సబ్జెక్టుల పేర్లు చూసి పోల్చడం పనికిరాదు. ఒకే పేరుతో ఒక చోట పరిచయ పాఠం, మరో చోట పరిశోధన స్థాయి సెమినార్ నడుస్తుంటాయి. విద్యార్థి చేత ప్రతి సబ్జెక్టుకూ పూర్తి పాఠ్యాంశాల పత్రాన్ని తెప్పించి, ఒక పట్టిక గీయించాలి: ఎడమ వైపు సొంత విశ్వవిద్యాలయపు సబ్జెక్టులోని యూనిట్లు, కుడి వైపు వాటికి సరిపోయే విదేశీ సబ్జెక్టులోని భాగాలు. ఉదాహరణకు గణాంకశాస్త్రంలో ఇక్కడి ఐదు యూనిట్లలో సంభావ్యత, విభాజనాలు, అంచనా, పరికల్పన పరీక్షలు అనే నాలుగూ అక్కడి సబ్జెక్టులో ఉండి, ప్రతిగమనం మాత్రం వేరే సబ్జెక్టులో ఉందనుకోండి. పేర్లు మాత్రమే చూసిన అధ్యాపకుడు రెండూ ఒకటేనని ఒప్పుకుంటారు. తర్వాతి సంవత్సరం ప్రతిగమనం తెలిసే ఉంటుందని నమ్మి మొదలయ్యే తరగతిలో ఈ విద్యార్థి ఒక్కరే దిక్కులు చూస్తారు. పట్టిక ముందుంటే ఆ ఒక్క యూనిట్‌ను సొంతంగా చదివి వస్తానని విద్యార్థి, వచ్చాక చిన్న పరీక్ష పెడతామని విభాగం ఒప్పుకొని సంతకాలు చేయవచ్చు.

తర్వాత క్రెడిట్ల లెక్క. యూరప్ క్రెడిట్ పద్ధతి అయిన ఇ.సి.టి.ఎస్.లో పూర్తికాల విద్యా సంవత్సరానికి 60 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు, తరగతి, చదువు, పరీక్ష అన్నీ కలిపి 25 నుంచి 30 గంటల పని. బ్రిటన్‌లో పూర్తికాల సంవత్సరానికి 120 క్రెడిట్లు ఉంటాయి కాబట్టి అక్కడి రెండు క్రెడిట్లు ఒక ఇ.సి.టి.ఎస్. క్రెడిట్‌కు సమానం. అమెరికాలో సంవత్సరానికి సుమారు 30 క్రెడిట్లు. అందువల్ల ఒక అమెరికా క్రెడిట్‌ను రెండు ఇ.సి.టి.ఎస్. క్రెడిట్లుగా లెక్కించడం వాడుకలో ఉంది. ఈ అంకెలు తెలియకపోతే, ఆరు క్రెడిట్ల యూరప్ సబ్జెక్టు ఒక్కటి తీసుకుని అమెరికా పద్ధతిలో రెండు సబ్జెక్టులకు సరిపోయిందని పొరబడే ప్రమాదం ఉంది.

మొదట ఎంచుకున్న సబ్జెక్టుల్లో అన్నీ దొరకవు. కొన్నింట్లో సీట్లు నిండుతాయి, కొన్నింటి వేళలు ఢీకొంటాయి, కొన్ని ఆ సెమిస్టర్‌లో నడవవు. ఎక్స్ఛేంజ్ విద్యార్థుల పేర్లను చివర్లో నమోదు చేసే చోట్లు కూడా ఉన్నాయి. అందుకే కావలసిన ప్రతి రెండు సబ్జెక్టులకూ ఒక ప్రత్యామ్నాయాన్ని ముందే ఆమోదింపజేసుకోవాలి. అక్కడికి వెళ్లాక మార్పు తప్పనిసరైతే దాన్ని ఎవరికి, ఎన్ని రోజుల్లో తెలియజేయాలో, ఆమోదించే అధికారం ఎవరిదో అగ్రిమెంట్‌లోనే రాసి పెట్టాలి.

మూడో మెట్టు: మార్కుల మార్పిడి నియమం

ఈ నియమం విద్యార్థి బయలుదేరక ముందే ఖరారై, చేతికి అందాలి. జర్మనీలో 1.0 అత్యుత్తమ గ్రేడు, 4.0 ఉత్తీర్ణతకు చివరి మెట్టు, 5.0 అంటే తప్పినట్లు. ఫ్రాన్స్‌లో మార్కులు 20కి వేస్తారు, ఉత్తీర్ణతకు 10 కావాలి, 16 దాటడం అరుదైన విషయం. బ్రిటన్‌లో 70 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే అది ప్రథమ శ్రేణి. వీటిని మామూలు శాతాలుగా మార్చేసే విశ్వవిద్యాలయాలు ఇప్పటికీ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 20కి 14 తెచ్చుకుని తరగతిలో ముందు వరుసలో నిలిచిన విద్యార్థికి 70 శాతం వేసి, 85 శాతం సులువుగా వచ్చే చోటి తోటి విద్యార్థుల కింద కూర్చోబెట్టడం అన్యాయం. ఆతిథ్య విశ్వవిద్యాలయంలో ఎంత మందికి ఏ గ్రేడు వస్తుందో చూపే పంపిణీ పట్టికను తెప్పించుకుని, ఆ స్థానాన్ని బట్టి మార్చడం న్యాయమైన పద్ధతి. అంత పని చేయలేని చోట ఉత్తీర్ణత మాత్రమే నమోదు చేసి, సగటు లెక్కలో ఆ సెమిస్టర్‌ను కలపకుండా వదిలేయడం దానికన్నా మేలు.

నాలుగో మెట్టు: భాష

బోధన భాషలో ఎంత స్థాయి కావాలో ఆతిథ్య విశ్వవిద్యాలయం చెబుతుంది. యూరప్‌లో దాన్ని ఎ1 నుంచి సి2 వరకు ఉన్న ఆరు స్థాయిల్లో చెప్పడం రివాజు. డిగ్రీ తరగతులకు తరచుగా బి2 అడుగుతారు. ఇంగ్లీషు పరీక్షలైన ఐఇఎల్‌టిఎస్, టోఫెల్ ఫలితాలు రెండేళ్లు మాత్రమే చెల్లుతాయి కాబట్టి మరీ ముందుగా రాయించినా నష్టమే. అయితే పరీక్షలో వచ్చే స్కోరుకూ, తరగతిలో ముగ్గురు ఒకేసారి మాట్లాడుతుంటే అర్థం చేసుకోగలగడానికీ చాలా దూరం. బయలుదేరే ముందు నెలల్లో విద్యార్థి తన సబ్జెక్టులోనే, ఆ భాషలో, గంట నిడివి గల ఉపన్యాసాలను విని నోట్సు రాయడం అలవాటు చేసుకోవాలి.

బోధన భాష ఒకటి, వీధి భాష మరొకటి అయిన దేశాలు ఉన్నాయి. చదువు ఇంగ్లీషులో సాగినా, ఇంటి ఒప్పందం, బ్యాంకు ఉత్తరం, వైద్యుడి చీటీ ఆ దేశపు భాషలో ఉంటాయి. వారానికి మూడు గంటల చొప్పున ఒక సెమిస్టర్ నేర్చుకున్నా, కనీసం ఏ ఉత్తరాన్ని ఎవరి దగ్గరకు తీసుకెళ్లి చదివించుకోవాలో తెలిసే స్థాయి వస్తుంది.

ఐదో మెట్టు: పత్రాలు, వీసా

పాస్‌పోర్టులోని పేరు, మార్కుల పత్రాల్లోని పేరు, దరఖాస్తులోని పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయా అన్నది ముందు చూడాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒకే పేరు ఉన్నవారికి అమెరికా వీసాలో ఉన్న పేరును ఇంటిపేరుగా, మొదటి పేరుగా ఎఫ్.ఎన్.యు. (మొదటి పేరు తెలియదు అని అర్థం) అనే అక్షరాలను ముద్రిస్తారు. ఆ తర్వాత బ్యాంకులో, విశ్వవిద్యాలయంలో అదే పేరుగా నమోదై చిక్కులు పెడుతుంది. పేరు సవరించే పనికి నెలలు పట్టవచ్చు కాబట్టి ఎంపికైన వారంలోనే మొదలుపెట్టించాలి. పాస్‌పోర్టు గడువు తిరిగి వచ్చే తేదీ తర్వాత కూడా కనీసం ఆరు నెలలు మిగిలి ఉండేలా చూసుకుంటే ఏ దేశానికైనా ఇబ్బంది ఉండదు.

వీసా క్రమం దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాకు వెళ్లే ఎక్స్ఛేంజ్ విద్యార్థికి జె-1 వీసా. ముందు ఆతిథ్య విశ్వవిద్యాలయం ఆ వీసాకు అర్హత చూపే డి.ఎస్.-2019 పత్రం పంపాలి, తర్వాత సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) రుసుము, ఆపైన ఇంటర్వ్యూ. కార్యక్రమం మొదలయ్యే తేదీకి 30 రోజులకన్నా ముందు దేశంలోకి రానివ్వరు. జపాన్‌కైతే అర్హత ధ్రువపత్రం కోసం ఆతిథ్య విశ్వవిద్యాలయమే అక్కడి వలసల కార్యాలయానికి దరఖాస్తు చేస్తుంది, అది వచ్చాకే వీసా. తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తివేసుకున్న యూరప్‌లోని షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండాలంటే ఆ దేశం ఇచ్చే దీర్ఘకాల వీసా అవసరం. ఈ నియమాలు మారుతుంటాయి. గత ఏడాది వెళ్లినవారి మాట దారి చూపడానికి మాత్రమే పనికొస్తుంది. ఫారం నింపేటప్పుడు ఆ దేశపు అధికారిక సైటులోని తాజా నియమమే ప్రమాణం.

ధ్రువపత్రాలపై అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదేనని విదేశాల కోసం సొంత దేశపు ప్రభుత్వం వేసే ముద్ర) అడిగే దేశాలు 1961 నాటి హేగ్ ఒప్పందంలో చేరినవి. చేరని దేశాలకు రాయబార కార్యాలయం ద్వారా ధ్రువీకరణ చేయించాలి, దానికి మరింత సమయం పడుతుంది.

ఆరో మెట్టు: డబ్బు, బీమా, మందులు

ఎక్స్ఛేంజ్ ఒప్పందం ఉన్నప్పుడు బోధన రుసుము సాధారణంగా సొంత విశ్వవిద్యాలయానికే కడతారు. ఆతిథ్య విశ్వవిద్యాలయం దాన్ని మళ్లీ అడగదు. అయితే విద్యార్థి సంఘపు రుసుము, రవాణా పాసు, ప్రయోగశాల ఖర్చు వంటివి విడిగా ఉండవచ్చు. మొదటి నెల ఖర్చు మిగతా నెలలకన్నా ఎక్కువ: గది అడ్వాన్సు, పరుపు దుప్పట్లు, నివాస అనుమతి రుసుము అన్నీ ఒకేసారి మీద పడతాయి. స్కాలర్‌షిప్ డబ్బు ఆలస్యంగా అందడం మామూలే కాబట్టి రెండు నెలల ఖర్చు విద్యార్థి చేతిలో ముందే ఉండాలి.

బీమా పాలసీని ధర చూసి కొనడం సరికాదు. జె-1 వారికి ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల వైద్య ఖర్చు, స్వదేశానికి వైద్య తరలింపుకు 50 వేల డాలర్లు, మరణిస్తే భౌతికకాయాన్ని పంపడానికి 25 వేల డాలర్లు చెల్లించే పాలసీ ఉండాలని అమెరికా నిబంధన. వేరే దేశాలకు వెళ్లేవారు కూడా ఈ మూడు అంశాలనూ పాలసీలో వెతకాలి. వాటితోపాటు మానసిక ఆరోగ్య చికిత్స, పాత జబ్బులు పాలసీలోకి వస్తాయో రావో చూడాలి.

రోజూ మందులు వాడేవారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక దేశంలో వైద్యుడు రాసిన మందు మరో దేశంలో నిషిద్ధం కావచ్చు. ఏకాగ్రత లోపానికి అమెరికాలో రాసే అడెరాల్‌ను, వైద్యుడి చీటీ ఉన్నా సరే, జపాన్‌లోకి తీసుకెళ్లడం నేరం. మందు అసలు పేరు, మోతాదు, ఎందుకు వాడుతున్నారన్నది వైద్యుడి చేత ఉత్తరంగా రాయించుకుని, వెళ్లే దేశపు నియమాలతో పోల్చుకోవాలి. టీకాల రికార్డు కూడా అప్పుడే సేకరించాలి. తట్టుకు రెండు డోసులు పడినట్లు చూపితే గానీ తరగతుల నమోదుకు ఒప్పుకోని విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి.

ఏడో మెట్టు: చదువు తీరుకు తర్ఫీదు

పరిచయ సమావేశాల్లో దీనికి పది నిమిషాలు కేటాయించి, సామాను బరువు గురించి అరగంట మాట్లాడటం నాకెప్పుడూ అర్థం కాలేదు. చురుకైన విద్యార్థులు కూడా తడబడేది ఇక్కడే.

సెమినార్ తరగతిని ఊహించండి. పన్నెండు మంది బల్ల చుట్టూ కూర్చున్నారు. ముందు వారం ఇచ్చిన నలభై పేజీల వ్యాసం అందరూ చదివి వచ్చారన్న నమ్మకంతో అధ్యాపకురాలు నేరుగా అడుగుతారు: "రచయిత రెండో భాగంలో చెప్పిన కారణం మీకు నచ్చిందా, ఎక్కడ తేలిపోయింది?" ఎక్స్ఛేంజ్ విద్యార్థి వ్యాసాన్ని రెండుసార్లు చదివారు, సారాంశం అప్పజెప్పగలరు. కానీ అడిగింది సారాంశం కాదు. సరైన జవాబు దొరికేదాకా ఆగుదామని ఊరుకుంటారు, ఈలోపు చర్చ ముందుకు సాగిపోతుంది. ఇలా మూడు వారాలు గడిస్తే, పాల్గొన్నందుకు ఇచ్చే మార్కులు పోవడం ఒక నష్టమైతే, ఆ విద్యార్థికి ఆసక్తి లేదన్న అభిప్రాయం స్థిరపడటం అంతకన్నా పెద్ద నష్టం.

దీనికి ఉపన్యాసం కన్నా సాధన పనిచేస్తుంది. వెళ్లబోయేవారిని ఎనిమిది పది మందిగా కూర్చోబెట్టి, వారి సబ్జెక్టులోనే ఒక వ్యాసం ఇచ్చి, ప్రతి ఒక్కరూ ఒక ప్రశ్న, ఒక అభ్యంతరం రాసుకుని రావాలని నియమం పెట్టాలి. మాట్లాడేటప్పుడు ముందు మాట్లాడినవారి పేరు చెప్పి, వారితో ఎక్కడ ఏకీభవిస్తున్నారో, ఎక్కడ విభేదిస్తున్నారో చెప్పమనాలి. నాలుగైదు సార్లు జరిగేసరికి, అభిప్రాయం సగమే తయారైనప్పుడు కూడా నోరు విప్పడం అలవడుతుంది.

ఇతరుల రాతను వాడుకోవడంపై నియమాలు రెండో అంశం. మూలాన్ని చెప్పకుండా పేరా ఎత్తి రాయడం, మూలంలోని వాక్యాల్లో కొన్ని మాటలు మార్చి సొంతంగా చూపడం, తన పాత వ్యాసాన్నే మళ్లీ సమర్పించడం, ఒంటరిగా చేయమన్న పనిని స్నేహితులతో కలిసి చేయడం, అనుమతి లేని చోట ఏఐ సాధనాలతో రాయించడం: వీటిలో ఏ ఒక్కటి రుజువైనా సబ్జెక్టు తప్పించడం నుంచి కార్యక్రమం నుంచి పంపివేయడం దాకా శిక్ష ఉండవచ్చు. తెలియక చేశామన్న సమాధానం చెల్లదు. బయలుదేరే ముందు ప్రతి విద్యార్థి చేత రెండు పేజీల వ్యాసం రాయించి, ఆధారాలు చూపిన తీరును ఒక అధ్యాపకుడు వాక్యం వాక్యం చొప్పున దిద్దాలి.

మూడోది అధ్యాపకులతో ఉత్తర ప్రత్యుత్తరాలు. పొడవైన మర్యాద వాక్యాలతో నిండి, అడగదలచింది చివర్లో దాగిపోయే ఈమెయిలుకు జవాబు ఆలస్యమవుతుంది. విషయం గడిలో సబ్జెక్టు సంకేతం, మొదటి వాక్యంలో తాను ఎవరు, రెండో వాక్యంలో ఏం కావాలి, ఎప్పటిలోగా కావాలి, అక్కడితో చాలు. అధ్యాపకులు విద్యార్థుల కోసం కేటాయించే గంటల్లో వెళ్లి కలవడం చొరబాటు కాదనీ, ఆ సమయం అందుకోసమే ఉందనీ కూడా చెప్పాలి.

ఎనిమిదో మెట్టు: మనసు సంగతి

విదేశంలో సర్దుకుపోవడాన్ని ఆంగ్ల అక్షరం యు ఆకారంలో వర్ణించే పద్ధతి 1955లో స్వెర్రె లిస్‌గార్డ్, ఫుల్‌బ్రైట్ అనే అమెరికా ప్రభుత్వ స్కాలర్‌షిప్ సాయంతో అమెరికా వెళ్లిన నార్వే వారిపై చేసిన అధ్యయనంతో మొదలైంది: మొదట ఉత్సాహం, మధ్యలో కుంగుబాటు, తర్వాత కోలుకోవడం. పరిచయ సమావేశాల్లో ఇప్పటికీ ఆ గీతనే చూపిస్తారు. అయితే న్యూజిలాండ్‌లో చదివిన జపాన్ విద్యార్థులపై కొలీన్ వార్డ్, సహచరులు 1998లో ప్రచురించిన అధ్యయనంలో, ఒత్తిడి అందరికన్నా ఎక్కువగా కనిపించింది దిగిన తొలి రోజుల్లోనే. ఉత్సాహం మొదట ఉంటుందని చెప్పి పంపితే, మొదటి వారంలోనే దిగులు పట్టిన విద్యార్థి తనలోనే లోపం ఉందనుకుంటారు. అందువల్ల ఏ గీతనూ చూపకుండా, దిగులు ఎప్పుడైనా రావచ్చనీ, రెండు వారాలు దాటి నిద్ర, తిండి, తరగతి దెబ్బతింటే ఆతిథ్య విశ్వవిద్యాలయపు కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్లాలనీ చెప్పడం మంచిది. ఆ కేంద్రం ఫోన్ నంబరును విమానం ఎక్కకముందే ఫోన్‌లో దాచుకోవాలి. అలాగే అత్యవసర నంబర్లు: యూరోపియన్ యూనియన్ అంతటా 112, అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000, జపాన్‌లో పోలీసుకు 110, అంబులెన్సుకు 119.

తొమ్మిదో మెట్టు: దిగిన తర్వాతి రెండు వారాలు

ఈ రెండు వారాలకు విద్యార్థి చేతిలో రోజువారీ పనుల కాగితం ఉండాలి. జర్మనీలో గదిలో చేరిన రెండు వారాల్లోగా, జపాన్‌లో నివాసం కుదిరిన 14 రోజుల్లోగా స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. బ్యాంకు ఖాతా, ఫోన్ వంటివి తరచుగా ఆ కాగితంపైనే ఆధారపడతాయి. గదిలోకి అడుగుపెట్టిన రోజే గోడలు, నేల, కిటికీలు, స్నానాలగది ఫోటోలు తీసి యజమానికి పంపితే, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు గురించి వాదన ఉండదు.

ఇదే సమయంలో సబ్జెక్టులు మార్చుకునే గడువు కూడా నడుస్తుంటుంది. చాలా చోట్ల అది మొదటి ఒకటి రెండు వారాలతో ముగుస్తుంది. అందుకే పదో రోజు నాటికి విద్యార్థి తన చివరి సబ్జెక్టుల జాబితాను సొంత విభాగానికి పంపాలనీ, సలహాదారు రెండు పనిరోజుల్లో జవాబివ్వాలనీ ఇరువైపులా నియమం ఉండాలి. సెమిస్టర్ మధ్యలో ఒకసారి వీడియోలో మాట్లాడితే చాలు. అంతకన్నా ఎక్కువగా వెంటపడితే విద్యార్థి మనసు ఇక్కడే ఉండిపోతుంది.

పదో మెట్టు: తిరిగి రావడం

విమానం ఎక్కే ముందు విద్యార్థి చేతిలో హాజరు ధ్రువపత్రం, తేదీలతో సహా, సంతకంతో ఉండాలి. ప్రతి సబ్జెక్టు పాఠ్యాంశాల పత్రం, రాసిన వ్యాసాలు, ప్రయోగశాల నివేదికలు కంప్యూటర్‌లో దాచుకుని తీసుకురావాలి. విశ్వవిద్యాలయపు ఈమెయిలు ఖాతా కొన్నాళ్లకు మూతపడుతుంది, దానితోపాటు అందులోని పత్రాలన్నీ పోతాయి. గ్రంథాలయపు పుస్తకం గానీ, కట్టని రుసుము గానీ మిగిలి ఉంటే ట్రాన్స్‌క్రిప్ట్‌ను ఆపేసే అవకాశం ఉంది. బ్యాంకు ఖాతాను మాత్రం గది అడ్వాన్సు తిరిగి వచ్చాకే మూసివేయాలి.

ట్రాన్స్‌క్రిప్ట్‌ను ఆతిథ్య విశ్వవిద్యాలయం నేరుగా పంపేలా చూసుకోవాలి. అది అందిన రోజున కోఆర్డినేటర్ దాన్ని లెర్నింగ్ అగ్రిమెంట్ పక్కన పెట్టి, సబ్జెక్టు వారీగా సరిపోల్చి, ముందే ఖరారైన నియమం ప్రకారం మార్కులు మార్చి, విభాగం ఆమోదానికి పంపుతారు. ఏదైనా సబ్జెక్టు తప్పితే, అది మళ్లీ ఎప్పుడు, ఎక్కడ రాయాలో అదే వారంలో నిర్ణయించాలి. క్రెడిట్లు విద్యార్థి రికార్డులో కనిపించాకే ఫైలు మూయాలి. సబ్జెక్టులను పోల్చిన పట్టికను మాత్రం ఆ ఫైలులో పెట్టి మూయకుండా, ఏ యూనిట్ నిజంగా సరిపోయిందో, ఏది సరిపోలేదో విద్యార్థి చేత అంచుల్లో రాయించి, అదే విశ్వవిద్యాలయానికి తర్వాత వెళ్లేవారికి అందించాలి.